ముప్పై రెండు శాతం

"గేటెత్తు బావూ! నా కోడలికి నొప్పులు ఆగట్లేదు" అంటూ జీపు దిగి పరుగున వచ్చింది గురమ్మ.

గని గేటు దగ్గర గుమాస్తా కూర్మారావు నిస్సహాయంగా కంప్యూటర్ చూపించాడు. నీలం తెర మీద చక్రం తిరుగుతోంది. అప్‌డేట్ ముప్పై రెండు శాతం అయిందనీ, ఆపవద్దనీ రాసి ఉంది.

"నేను పెట్టలేదు పిన్నీ. అదే మొదలెట్టింది. అదయ్యి, పాస్ ఎక్కిస్తే గాని గేటు లేవదు."

"ఎంతసేపు పడతాది?"

"అదీ సెప్పదు."

కిరండూల్ ఆసుపత్రికి వేరే దారి లేదు. వెనక ఖనిజం లారీలు బారులు తీరాయి. జీపు వెనక్కి తిప్పడానికీ చోటు లేదు. కూర్మారావు ఆఫీసరుకు మూడుసార్లు ఫోన్ చేశాడు, ఆయన ఎత్తలేదు. జీపులోంచి కేక వినబడింది. తెర మీద ఇంకా ముప్పై రెండే.

"సేత్తో ఎత్తడానికి అవదా?"

"అవుతాది. మోటారు తాళం నా దగ్గిరే ఉంది. కానీ ఆర్డర్ లేకుండా తీస్తే నా ఉద్యోగం పోతాది పిన్నీ."

గురమ్మ ఏడుపు ఆపి అతని ముఖంలోకి చూసింది.

"అయితే మమ్మల్ని ఆపింది ఆ డబ్బా కాదన్నమాట."

కూర్మారావు సొరుగులోంచి తాళం తీసుకుని బయటికి నడిచాడు. మోటారు పెట్టె తెరిచి, గేటు కర్రను భుజంతో పైకెత్తి పట్టుకున్నాడు. జీపు దుమ్ము రేపుకుంటూ దాటిపోయింది.

అరగంటకు ఆఫీసరే ఫోన్ చేశాడు. అప్పటికింకా ఆసుపత్రి నుంచి కబురు లేదు. గేటు ఎవరు తీశారని ఆయన హిందీలో గద్దించాడు.

కంప్యూటర్ పాడైందని చెప్పబోయి, కూర్మారావు ఆగాడు.

"నేనే తీశాను, సాబ్" అన్నాడు హిందీలోనే.