నొక్కిన ఫ్లాపీ

"పింజ కొలత కొట్టగానే ఈ కంప్యూటరు పత్తి రకం చెప్పిందంటే, పేరయ్యని ఇవాళే పన్లోంచి మాన్పించేస్తా," అన్నాడు చిలకలూరిపేట జిన్నింగు మిల్లు యజమాని అంకమ్మరావు.

ఇంజనీరు త్యాగరాజు ఫ్లాపీ పెట్టాడు. ఏ ఫైలూ తెరుచుకోలేదు.

"ఒక్క ఫ్లాపీలో పట్టాలని గుంటూరులో అన్నీ కుదించానండి. విప్పే ప్రోగ్రాంతో విప్పాలి."

"అదెక్కడుంది?"

"ఇందులోనేనండి. దాన్ని కూడా కలిపి కుదించేశా..." త్యాగరాజు నాలిక్కరుచుకున్నాడు.

ఇరవై ఏళ్లుగా పింజ చూసి రకం చెప్పి, దూది నొక్కి బేళ్లు కట్టిస్తున్న పేరయ్య పక్కనే నిలబడి అంతా విని నవ్వాడు. "బేలు కట్లు కోసే కత్తిని బేల్లోనే పెట్టి నొక్కారాండీ?"

అంకమ్మరావుకూ నవ్వొచ్చింది. "సర్లే, నువ్వే చూసి చెప్పు."

పేరయ్య చేతులు కట్టుకున్నాడు. "నేను పన్లో ఉన్నానో లేదో ముందు తేల్చండి. బయటోళ్లు సరుకు ముట్టుకుంటే మీరూరుకోరుగా."