నలభై రెండో పేజీ

"నలభై రెండో పేజీ నాకు కావాలి," అన్నాడు ప్రకటనల మేనేజరు, ఎడిటరమ్మ బల్ల ముందు నిలబడే.

ఆమె కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. పత్రిక ప్రెస్సుకి వెళ్లడానికి ఇంకా రెండు గంటలే ఉన్నాయి.

"అందులో కథ ఉంది సార్."

"తీసెయ్యండమ్మా. కొత్త సినిమా హాలు వాళ్లు ఫుల్ పేజీ ఇస్తున్నారు. ఎదురుగా హీరోయిన్ ఇంటర్వ్యూ ఉండాలట. అది నలభై మూడులో ఉంది కదా. ఇంకెక్కడ వేసినా వద్దంటున్నారు."

ఆఫీసులో ఆయన్ని వెనకాల అందరూ 'ఫుల్ పేజీ' అంటారు. అరపేజీ చాలన్నవాళ్ల ఎదురుగా కూర్చుని, వాళ్లిచ్చిన టీ తాగి, వాళ్ల పిల్లల చదువుల గురించి నాలుగు మాటలు మాట్లాడి, లేచేలోపు ఫుల్ పేజీ రాయించుకొస్తాడు మరి. ఆ పేరు చెవిన పడినా కోపం తెచ్చుకోడు, లోలోపల మురిసిపోతాడు. ఎల్లుండితో ఆయన ఉద్యోగం సరి. వెళ్తూ వెళ్తూ ఇంకొక్క ఫుల్ పేజీ తెచ్చి మరీ వెళ్లాలని ఆయన పంతం.

ఆ పత్రికలో మొదట్నుంచీ ఒక పద్ధతి ఉంది. ప్రకటన ఆలస్యంగా వస్తే ముందు లేచేది కథ. సినిమా కబుర్లు లేవవు, వంటలు లేవవు, రాశిఫలాలు అసలే లేవవు. ఎడిటరమ్మ ఎప్పుడూ ముఖం ముడుచుకుని సరేననేది. ఈసారి మాత్రం అడ్డం తిరిగింది.

"ఈ ఒక్క కథనే మీ ప్రకటనల కోసం పదకొండుసార్లు ఆపాను సార్. పేజీ కట్టడం, వస్తోందని రాసినావిడకి ఫోన్ చేయడం, చివర్లో మీరు రావడం. ఇంక ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

"వచ్చే నెల వేస్తానని చెప్పండి."

"వచ్చే నెల నుంచి కథల పేజీయే లేదు కదా. అంతా వినోదమే ఉండాలని మీటింగులో సలహా ఇచ్చింది మీరేగా."

ఆయన కాస్త తడబడ్డాడు. అంతమాత్రాన తగ్గితే ఫుల్ పేజీ ఎలా అవుతాడు?

"అయినా మీరింత పట్టుబడుతున్నారంటే, ఎవరైనా పెద్దవాళ్ల సిఫారసా?"

"సిఫారసు అన్న మాటే ఆవిడకి గిట్టదు. బాగుంటే వేయండి, లేకపోతే లేదు, నా గురించి ఎవరికీ చెప్పకండి అంటారు." ఎడిటరమ్మ ప్రూఫు కాగితం ఆయన చేతికిచ్చింది. "ఒక్క పని చేయండి. ఇది చదవండి. ఐదు నిమిషాలు పట్టదు. చదివాక కూడా తీసెయ్యమంటే నా చేత్తో నేనే తీసేస్తాను."

ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు. చూసింది అక్షరాల్ని కాదు, కొలతని. పైన ఏదో శీర్షిక, కింద ఎప్పుడూ వినని కలంపేరు.

"నేను పేజీలు అమ్మేవాణ్ణమ్మా, చదివేవాణ్ణి కాను," అని నవ్వి కాగితం తిరిగిచ్చేశాడు. ఆ మాట నిజమే. ముప్ఫై ఏళ్లుగా ఊరంతా తిరిగి అమ్మిన పత్రికలో ఆయన ఒక్క కథా చదివిన పాపాన పోలేదు.

"రిటైరయ్యే ముందు ఒక్కసారికి ఓడిపోండి సార్. మీకు పోయేదేముంది?"

ఆయన ఆమె బల్ల మీది ఫోన్ అందుకుని యజమానికి చేశాడు. అర నిమిషంలో తేలిపోయింది. ఎడిటరమ్మ కథని తీసేసింది.

మూడో రోజు వీడ్కోలు సభ జరిగింది. పూలగుత్తి ఇచ్చారు, గోడ గడియారం ఇచ్చారు, ఆయనంతటివాడు లేడని పొగిడారు. ఎడిటరమ్మ కుర్చీ ఖాళీగా ఉంది. తలనొప్పని ముందే వెళ్లిపోయిందట. ఆయనకి అది ముల్లులా గుచ్చుకుంది.

ఇంటికి వెళ్తూ బస్సులో కొత్త సంచిక తెరిచాడు. నలభై రెండో పేజీ నిండా సినిమా హాలు, వరసలు వరసలుగా ఎర్ర కుర్చీలు, వాటిలో ఒక్క మనిషి లేడు. ఎన్నడూ లేనిది, ఆ కథ ఏమిటో చదవాలనిపించింది. చేతికిచ్చినప్పుడు చదవనందుకు తన మీద తనకే సిగ్గేసింది.

భార్య తలుపు తీసి, పూలగుత్తి పక్కన పెట్టి, ముందు పత్రిక అందుకుంది. అద్దాలు పెట్టుకుని పేజీలు తిప్పి ఒకచోట ఆగింది.

"నలభై రెండేనా? నేను తెచ్చిన ఆఖరి పేజీ అదే," అన్నాడాయన.

ఆమె చాలాసేపు చూసింది. "బాగుంది. కుర్చీలు ఎర్రగా ఉన్నాయి."

ఆయన చెప్పులు విప్పి ఆమె పక్కనే కూలబడ్డాడు.

"తప్పు చేశానే. ఎవరో ఒకావిడ కథ ఉంది అక్కడ. ఎడిటరమ్మ చదవమని బతిమాలినా వినకుండా తీయించేశాను. ఆవిడ కథ ఇదివరకు కూడా నావల్లే ఆగిందట." ఎన్నిసార్లో చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. "రేపు నంబరు కనుక్కుని ఆవిడకి ఫోన్ చేసి, తప్పయిందని చెబుతాను. ఏమనుకుందో ఏమిటో పాపం."

ఆమె పత్రిక మూసి, అద్దాలు తీసి, కొంగుతో నెమ్మదిగా తుడుచుకుంది.

"ఏమీ అనుకోదులెండి. పదకొండుసార్లు అనుకోనిది, పన్నెండోసారి అనుకుంటుందా?"