కర్రకు కట్టిన గంట

గంట చప్పుడు విని దేవమ్మ గుడిసెలోంచి బయటికొచ్చింది.

కాలువ కట్ట మీద ఎవరో కొత్త మనిషి ఆమె మేకల్ని కిందికి తోలుతున్నాడు. చేతిలో పొడుగాటి కర్ర. కర్ర కొసకు, మేక మెడలో కట్టే చిన్న గంట.

“ఏందయ్యా, మేకల్ని బెదరగొడతన్నావ్? ఎవరు నువ్వు?”

“గరిక తింటన్నయ్యమ్మా. కట్ట మీదికి రానియ్యమాక.”

“గరిక తినక మన్ను తింటయ్యా మేకలు?”

అతను మేకలు పీకిన దుబ్బును మళ్లీ మట్టిలో పెట్టి, మడమతో అదిమి, పైకెక్కిపోయాడు.

అది యాభైతొమ్మిది ఎండాకాలం. ఈపూరుకు ఆవల కాలువ తవ్వుతున్న రోజులు. కట్టను తాటిచెట్టంత ఎత్తు పోశారు. వాలు జారకుండా చెరువు ఒండ్రులో పేడ కలిపి మెత్తించి, దాని మీద గరిక దుబ్బులు నాటించారు. కనుచూపు మేరలో పచ్చగా ఉన్నది అదొక్కటే.

కట్ట కిందనే మట్టి మోసే కూలీల గుడిసెలు.

దేవమ్మ కూతురు కృపామణి బాలింత. ఆమెకు పాలు పడలేదు. పసివాడు మేకపాల మీద బతుకుతున్నాడు. మేకలు ఎండితే పసివాడూ ఎండుతాడు.

అందుకని దేవమ్మ రోజూ మేకల్ని కట్టెక్కించేది. రోజూ గంట మోగేది.

“కాంట్రాక్టరు కూడు ఒంటికి పట్టినట్టు లేదే నీకు. ఎముకలు లెక్కపెట్టొచ్చు” అని ఒకనాడు అందరిముందూ వెక్కిరించింది.

గుడిసెలవాళ్లు నవ్వారు. అతనూ నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె వాకిట్లో తుమ్మకాయల కుప్ప ఉంది.

“మేకలకని ఆయనే తెచ్చి పోశాడమ్మా” అంది కృపామణి. “కాసిని గంజినీళ్లిస్తే గటగటా తాగాడు. చానా ఆకలి మీదున్నాడు.”

“లంచమే అది, మన నోరు మూయించడానికి. ఇంకెప్పుడూ పొయ్యమాక.”

ఆ మధ్యాహ్నమే వెళ్లి సూపర్‌వైజరు ప్రభాకరరావు ముందు నిలబడింది.

“అయ్యగారూ, మీ కాపలావాణ్ణి తీసెయ్యండి. మా మేకలు చస్తన్నయ్.”

“మా కాపలావాడా? మేమెవర్నీ పెట్టలేదే. కుండతో నీళ్లు మోసుకొచ్చి గరికకు పోస్తుంటే, మీ గుడిసెలవాళ్లే పెట్టుకున్నారనుకున్నా.”

“మాకెందుకయ్యా కట్టకి కాపలా?”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ప్రభాకరరావుకు వేరే భయం పట్టుకుంది. “ఇన్నాళ్లూ కాపలా కాశానని రేపు జీతమడిగితే నా మెడకు చుట్టుకుంటుంది. పంపించెయ్యండి.”

పొమ్మంటే అతను బయల్దేరాడు. దుప్పటి భుజాన వేసుకుని, దేవమ్మ గుడిసె ముందు మాత్రం ఆగాడు.

“అమ్మా, వానలు వెళ్లిందాకా మేకల్ని కట్టేసుకో. వాగు అవతల తుమ్మకాయలు బాగా ఉన్నయ్.”

“మా మేకల గొడవ నీకెందుకయ్యా?”

“నేను గూడా నీ మాదిరే...”

“నా మాదిరి ఒళ్లొంచి బతికే మొహమా నీది? పో, పో.”

అతను తలూపాడు. గంట చప్పుడు డొంక మలుపు దాకా వినిపించి, ఆగిపోయింది.

మరుసటి రోజు నుంచి అందరి మేకలూ కట్టెక్కాయి. దుబ్బులు వేళ్లతో సహా లేచివచ్చేవి. పాలు పెరిగాయి. పసివాడికి బుగ్గలొచ్చాయి. తొలకరి నాటికి కట్ట గుండు గీసినట్టయింది.

శ్రావణంలో ముసురు పట్టింది. ఒక మధ్యాహ్నం కాస్త తెరపిచ్చింది. మేకల్ని తోలుకురావడానికి దేవమ్మ పసివాణ్ణి చంకనేసుకుని కట్ట ఆ చివరికి వెళ్లింది. గుడిసెలో కృపామణి పొయ్యి రాజేస్తోంది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. ధాన్యం బస్తా పక్కకు ఒరిగినట్టు వినిపించింది, అంతే.

వెనక్కి తిరిగి చూస్తే ఆమె గుడిసె లేదు. అక్కడ తడిమట్టి ఉంది.

పసివాడు చంకలో నవ్వుతున్నాడు. మేకలు పక్కనే నిలబడి ఉన్నాయి.

మట్టి తియ్యడానికి వెల్దుర్తి వైపు పనిలో ఉన్న కూలీల్ని లారీలో తెచ్చి దింపారు. కృపామణిని బయటికి తీసింది వాళ్ల మేస్త్రీ జక్కయ్య. ఎవరూ అడక్కుండానే తన పైపంచె తీసి ఆమె ముఖం మీద కప్పాడు.

దేవమ్మ ఏడవడం లేదు. తనలో తాను గొణుక్కుంటోంది.

“ఆ గంటకర్ర మనిషి ఉన్నట్టయితే మేకలు ఎక్కేవి కావు. నేనే ఎళ్లగొట్టిచ్చా. ఎవరు జీతమిచ్చి పెట్టారో, ఆ మారాజు...”

జక్కయ్య చేతిలో పార ఆగింది.

“కర్రకు గంట కట్టుకున్నాడా? బక్క మనిషా?”

“ఆఁ.”

“మా శౌరి. వాడికి జీతమెవరిస్తారు పెద్దమ్మా? నిరుడు మా కాడ ఇట్టాగే కట్ట జారింది. కింద గుడిసెలో వాడి పెళ్లాం, బిడ్డ. అప్పట్నించి కొత్త కట్ట ఎక్కడ పోస్తంటే అక్కడికి పోయి కాస్తన్నాడు.”

“గంటెందుకయ్యా మరి?”

జక్కయ్య ఆమె వెనక నిలబడ్డ మేకల వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

“అది వాడి మేక మెడలోది పెద్దమ్మా. మా కట్ట మీద గరికంతా మేసింది వాడి మేకలే.”