బ్యాంకాక్ వాకబు

"బ్యాంకాక్‌లో మూడు రాత్రులూ నీడలా వెంటే ఉన్నానమ్మా. ఆ కుర్రాడి చుట్టుపక్కల ఒక్క ఆడమనిషి కూడా లేదు," అన్నాడు అబ్రహాము.

గవర్నర్‌పేటలో ఒక లాడ్జి మెట్ల పక్కనున్న గదే ఆయన ఆఫీసు. హెడ్ కానిస్టేబులుగా రిటైరయ్యాక పెళ్లి సంబంధాల వాకబు పని పెట్టుకున్నాడు. ఎదురుగా బ్యాంకు ఆఫీసరు డయానా, పక్కన శాలిని కూర్చున్నారు. ఇద్దరూ ఆరేళ్లుగా గుణదలలో ఒకే వాటాలో అద్దెకుంటున్నారు. ఈసారి వాకబు డయానాకి వచ్చిన కొత్త సంబంధం, జోయెల్ గురించి.

"మంచిదేగా అంకుల్?" అంది డయానా.

"మొదటిరోజు నేనూ అలాగే రాసుకున్నాను. రెండోరోజుకి అర్థమైంది. ఆ సందంతా మగవాళ్లేనమ్మా. బార్లలో మగవాళ్లు. డాన్సుల్లో మగవాళ్లు. మగవాళ్లని ఇష్టపడే మగవాళ్లు. ఒక బారు గేటు దగ్గర పాస్‌పోర్టులో నా పుట్టినతేదీ చూసి చప్పట్లు కొట్టారు. నారింజ రసం పట్టుకుని ఓ మూల కూర్చుంటే ఒక పెద్దాయన డాన్సుకి పిలిచాడు."

"వెళ్లారా?" అడిగింది శాలిని.

"డ్యూటీలో ఉన్నానని చెప్పాను. మర్యాదస్తుడు. ఇంకో గ్లాసు రసం తెప్పించి వెళ్లిపోయాడు."

డయానా నవ్వలేదు. "జోయెల్ సంగతి చెప్పండి."

అబ్రహాము అక్కడ తీసిన ఫొటోలు బల్లమీద పరిచి, నోట్‌బుక్ తిప్పాడు. "నీలం చొక్కా అతనొకడున్నాడు. పేరు ఫిన్నీ. మన పటమటలోనే ఉంటాడు. విమానంలో పక్కపక్క సీట్లు, హోటల్లో ఒకే గది. నాలుగేళ్లుగా ఏడాదికి రెండుసార్లు వెళ్తున్నారు. ఎవరు పిలిచినా నవ్వి పంపేసి, వాళ్లిద్దరే డాన్సు చేసుకున్నారు. ఆఖరిరోజు ఫిన్నీకి కాలు బెణికితే, అతని చెప్పులు కూడా చేత్తో పట్టుకుని జోయెలే హోటలుదాకా నడిపించుకెళ్లాడు. ఇది స్నేహం కాదమ్మా. నా సర్వీసులో ఇంత తేటతెల్లమైన కేసు చూడలేదు."

శాలిని టీ ముట్టలేదు. ఆ గ్లాసు కూడా డయానాయే తాగింది.

"ఇంతకుముందు మూడు సంబంధాలు వాకబు చేసిపెట్టాను. ముగ్గురూ బంగారంలాంటి పిల్లలు," అన్నాడు అబ్రహాము నొచ్చుకుంటూ. "ఒకడు గురక పెడతాడన్నావు. ఒకడు మరీ పొడుగన్నావు. మూడోవాడు..."

"చేపలు తినడు."

"ఇప్పుడు చూడు ఏమైందో. మీ నాన్నగారేమో ఇదే ఆఖరు అంటున్నారు."

డయానా తండ్రి శౌరయ్య మాటంటే మాటే. ఈ సంబంధం కూడా తప్పిపోతే ఆమె గుణదల ఇల్లు ఖాళీ చేసి మైలవరం వచ్చెయ్యాలి. మేనత్త కొడుకుని చేసుకోవాలి. సామాన్లకి వ్యాను కూడా మాట్లాడి ఉంచాడాయన. పెళ్లిచూపులు ఆదివారం.

"ఆయనతో నేను మాట్లాడతాలే. ఈ ఫొటోలు చూపించి ఈ సంబంధం వద్దంటే కాదనరు," అన్నాడు అబ్రహాము.

డయానా ఫొటోలు అందుకుని ముక్కలుగా చింపింది. ఆ ముక్కలు హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. "ఇంకెక్కడా కాపీలు ఉంచకండి. అబ్బాయి బుద్ధిమంతుడు, ఆడవాళ్ల జోలికి పోడు అని నాన్నతో చెప్పండి. అబద్ధం కాదుగా?"

"తెలిసి తెలిసి గొంతు కోసుకుంటావా తల్లీ! శాలినమ్మా, నువ్వైనా చెప్పు."

శాలిని కళ్లు తుడుచుకుంది. "నేనేం చెప్పను అంకుల్. తన ఇష్టం."

మెట్లు దిగాక, జనం లేని చోటు చూసి డయానా ఫోన్ తీసింది.

"జోయెల్ గారూ, నేను డయానాని. ఆదివారం చూపులకి ఫిన్నీగారిని కూడా తీసుకురండి."



"ఫిన్నీ... ఎందుకండీ?" అన్నాడు జోయెల్.

"భయపడకండి. నేను నా శాలినిని తెచ్చుకుంటాను."