అరవకుండా వెతకాలి

గేటు పై గడియ తీసి ఉంది.

ఆయమ్మ చేతిలోంచి పాలగిన్నె జారి పడింది. "బంగారం లేదు!"

నర్సు మేడెక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. మంచాల కింద చూసింది. బీరువాల వెనక చూసింది. ఫ్రిజ్ తెరిచి కూడా చూసింది. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. అంటే ఉత్తి కాళ్లు. బయట వాన మొదలైంది. సందు చివర మెయిన్ రోడ్డు. ఆ రోడ్డు మీద లారీలు, బ్రేకులనే వస్తువు ఇంకా ఎవరూ కనిపెట్టనట్టు పోతాయి.

బంగారానికి రోడ్డు దాటడం రాదు. పేరడిగితే చెప్పడం రాదు. కొత్తవాళ్లు చెయ్యి పట్టుకుంటే గిల్లడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు.

"నేను గడియ పెట్టానమ్మా! పై గడియే, పిల్లలకి అందనిదే పెట్టాను! నా కళ్ల మీదొట్టు!" ఆయమ్మ గోడకు జారబడింది.

"కళ్ల మీద ఒట్టేస్తే గేటు మూసుకోదు," అన్నాడు తాళాలాయన.

సంస్థలో ఉన్న తాళంచెవులన్నీ ఆయన నడుముకే వేలాడతాయి. నడిస్తే గుర్రబ్బండి వచ్చినట్టుంటుంది. ఇప్పుడు నిలబడి ఉన్నా గలగలమంటున్నాయి.

వ్యాన్ డ్రైవర్ రోడ్డు మీదికి ఉరికి నోరు తెరిచాడు. "బంగా..."

తాళాలాయన ఆ నోరు మూసేశాడు. "అరవకు."

"గుండె నోట్లోకొచ్చిందన్నా! అరవకపోతే ఎలాగ?"

"గుండె నోట్లోకి రాదు. పట్టదు. అరవకు."

అరవకూడదన్నది ఇక్కడి మొదటి నియమం. సంస్థ పుట్టింది ఒక కారు షెడ్డులో. ఆటిజం అంటే ఏదో కొత్త సబ్బు పేరనుకునే రోజులవి. ముగ్గురు తల్లులు, ముగ్గురు పిల్లలు, ఒక చాప. పాపం కారు బయట ఎండలో మాడేది. మొదటి వారమే ఒక పిల్లాడు తప్పిపోయాడు. వీధి వీధంతా వాడి పేరు పెట్టి అరిచింది. ఆ అరుపులకి శ్మశానంలో వాళ్లు లేచి వచ్చేవాళ్లేగానీ, పిల్లాడు మాత్రం దాక్కున్న చోటే ఇంకా లోపలికి ముడుచుకుపోయాడు. వాళ్లమ్మ అందరి నోళ్లూ మూయించాకే దొరికాడు. తరవాత షెడ్డు పోయి మూడంతస్తులొచ్చాయి. నియమం మాత్రం మారలేదు. తప్పిపోయినవాళ్ల కోసం మనం అరవకూడదు, వీధి చేత నోరు మూయించాలి.

తాళాలాయన రోడ్డు మధ్యకి నడిచి రెండు చేతులూ చాపాడు. లారీ ఒకటి వచ్చి ఆయన చొక్కా గుండీలు వాసన చూసి ఆగింది.

"చావడానికి నా బండే దొరికిందా?"

"ఇంజన్ ఆపండి. మా మనిషి కనబడ్డం లేదు."

ఆ గొంతు విని లారీ డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. వెనక బండ్లన్నీ ఆగాయి. నర్సు కొట్టు కొట్టుకీ పరిగెత్తి, బతిమాలి, టీవీలు కట్టించింది. చివరికి వాన కూడా మొహమాటానికి కాస్త తగ్గింది.

అప్పుడు వినిపించింది. సన్నగా, వణుకుతూ, ఒక కూనిరాగం. భయమేస్తే బంగారం తీసేది అదొక్కటే.

పైపుల కోసం తవ్వి వదిలేసిన గొయ్యి దగ్గర్నించి.

తాళాలాయన పరిగెత్తలేదు. పరిగెత్తాలని కాళ్లు ఏడ్చాయి. గొయ్యి నిండా బురదనీళ్లు. అంచు మట్టి పెళ్లలు పెళ్లలుగా విరిగి పడుతోంది. ఆ అంచు మీదే, తడిసి ముద్దై, కాళ్లు లోపలికి వేలాడేసి, నీళ్లలోకి వంగి వంగి చూస్తూ బంగారం.

ఇంకొక్క వేలెడు వంగితే అంతే.

ఆయన తాళాలగుత్తి చప్పుడవకుండా విప్పి నర్సు చేతిలో పెట్టాడు. బురదలో పాక్కుంటూ వెళ్లాడు. పక్కన కూర్చున్నాడు. ముట్టుకోలేదు. తనూ అదే కూనిరాగం అందుకున్నాడు. తప్పుగానే. ఆయన పాడితే నిజానికి అరుపే నయం. అయినా పాడాడు, పళ్లు కొట్టుకుంటున్నా పాడాడు.

వంగిన నడుం మెల్లగా వెనక్కొచ్చింది. చల్లటి వేళ్లు ఆయన చొక్కా అంచు పట్టుకున్నాయి.

ఆనాడు కారు షెడ్డులో ఈ సంస్థ పెట్టి, ఇప్పుడు ఎనభై దాటిన బంగారం, నెరిసిన గడ్డంతో పక్కన కూర్చున్న కొడుకు మొహంలోకి కళ్లు చికిలించి చూసి, "మా అబ్బాయి తప్పిపోయాడు, నీకెక్కడైనా కనిపించాడా బాబూ?" అని అడిగింది.