ఐదో ఫౌల్

గుంటూరు బాస్కెట్‌బాల్ కోర్టులో స్కోరు పుస్తకం మనుషులు రాయడం మానేసి చాలా ఏళ్లయింది. కెమెరాలే చూసి పాయింట్లు, ఫౌళ్లు రాస్తాయి. చివర్లో రిఫరీ సరిచూసి వేలిముద్ర వెయ్యాలి. ముద్ర పడ్డాక ఇక దిద్దడానికి వీల్లేదు.

ఆ సాయంత్రం ఫైనల్లో మేరీ ప్రసన్న పేరిట ఐదో ఫౌల్ పడింది. ఐదు పడితే ఆట నుంచి తప్పుకోవాల్సిందే. ఆమె బయటికి వెళ్లాక జట్టు ఓడిపోయింది. నిజానికి తగిలింది ఆ జట్టులోనే మరో అమ్మాయి చెయ్యి. రిఫరీ పరిమళ కళ్లారా చూసింది. అయినా కెమెరాలకంటే తనకేం తెలుసులే అనుకుని అప్పుడు ఆట ఆపలేదు, చివర్లో ముద్ర కూడా వేసేసింది.

బయట జట్టు బస్సు ఆగి ఉంది. మెట్ల మీద ప్రసన్న ఒక్కతే ఏడుస్తూ కనిపించింది.

“నా చెయ్యి తగల్లేదనే అనుకున్నా మేడం. కెమెరా తప్పు రాయదు కదా, తగిలే ఉంటది.”

పరిమళ ఆమె పక్కన కూర్చుంది. “తగల్లేదమ్మా. నేను చూశాను.”

“చూసి కూడా ముద్ర ఏశారా మేడం?”

“వేశాను. తప్పు నాదేనని పైవాళ్లకు రాసిస్తాను. కప్పు మాత్రం తిరిగి రాదు.”

“కప్పు పోతే పోయింది. బస్సులో నాతో ఎవరూ మాట్లాడట్లేదు మేడం.”

పరిమళ లేచి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని బస్సెక్కింది. అందరూ తలలు తిప్పుకున్నారు.

“ఆ ఫౌల్ దీనిది కాదు. చూసి కూడా ముద్ర వేసింది నేను. నాతో మాట్లాడడం మానెయ్యండమ్మా,” అంది. “దీంతో కాదు.”