నాలుగూ పదికి పడిపోయే ఎలక్ట్రాన్

“ఐదింటికి ఫ్రిజ్ ఆపేద్దాం మైత్రీ. ఈ చిప్ పనికిరాదు,” అంది మాధవీలత మేడం.

మోప్కా ఊరి శివారులోని ఆ ల్యాబులో మూడేళ్లుగా మైత్రి కాపలా కాస్తున్నది ఒకే ఒక్క ఎలక్ట్రాన్‌ని. సిలికాన్ చిప్‌లో బంధించి, మంచుకన్నా ఎన్నో రెట్లు చల్లటి ఈ ఫ్రిజ్‌లో ఉంచింది. చిప్ పోతే పరిశోధనా పోయినట్టే.

స్టెబిలైజర్ దింపి, సంతకం కోసం నిలబడ్డాడు చిరంజీవి. మైత్రికి మేనమామ. స్టేషన్ రోడ్డులో ఇరవై ఏళ్లుగా కరెంటు సామాన్ల దుకాణం నడుపుతున్నాడు. సరుకు చెడిందంటే చాలు, ఎప్పుడు చెడిందని అడిగే మనిషి.

“ఏటే గుంటా, ఏటైంది దీనికి?”

“ఎలక్ట్రానంటే బుల్లి అయస్కాంతం మావయ్యా. పైకీ కిందకీ రెండు వైపులా ఒకేసారి ఉంటాది. అలా ఎంతసేపు నిలబడితే క్వాంటమ్ కంప్యూటర్‌కి అంత లాభం. పొద్దున్నంతా నిలబడతాది. సాయంత్రం ఏక్‌దమ్ పడిపోతాది.”

“ఎన్నింటికి?”

“నాలుగూ పదికి. ఒకోరోజు ఐదవుతాది. దానికో లెక్కా పాడూ లేదు.”

“నువ్వు సూడలేదని సెప్పు. ఏదీ, ఆ టైములియ్యి.”

పది రోజుల జాబితా చదివాడు. సెల్ తీసి ఏదో చూసుకుని జేబులో పెట్టేశాడు.

“మేడం, ఇవాళ నాలుగున్నరకి పడతాది. పడితే చిప్ మా పిల్లకి ఉంచీయాలి. పడకపోతే స్టెబిలైజర్ మీకు ఊరికే ఇచ్చీస్తాను.”

“జ్యోతిషమా?” మేడం నవ్వింది.

“బేరమండి.”

నాలుగూ పది దాటింది. తెరమీద గీత తిన్నగా సాగుతూనే ఉంది. నాలుగూ ఇరవై.

“మావయ్యా, ఇజ్జత్ పోతాది నాది!”

“ఉండెహే.”

నాలుగున్నర. కిటికీ అద్దం సన్నగా అదిరింది. రోజూ అదిరేదే కాబట్టి ఎవరూ తల తిప్పలేదు. గీత దభీమని కూలింది.

మేడం కుర్చీలోంచి లేచింది. “చెప్పిన టైముకే పడిందంటే లోపం చిప్‌ది కాదు! బయటినుంచి ఏదో అయస్కాంత శక్తి తగులుతోంది. గోడ అవతలి దాన్ని కూడా పట్టేస్తోందంటే ఇంత చురుకైన చిప్ మన దగ్గర ఇంకోటి లేదు. మైత్రీ, ఫ్రిజ్ ఆపకు!”

మైత్రి మేనమామ చెయ్యి పట్టుకుని గంతులేసింది.

“ఇంతకీ టైము ఎలా చెప్పారండీ?” అడిగింది మేడం.

చిరంజీవి సెల్ ఆమె వైపు తిప్పాడు.

“గోడ వెనక నాలుగూ పదికెళ్లే లోకల్ రైలు ఇవాళ ఇరవై నిమిషాలు లేటండి.”